చెవి మీద సగం సిగరెట్టు

లోకంలో చాలామందికి సిగరెట్టు తాగడం అలవాటు. అలియాబాద్ దర్వాజా వీధుల్లో ఇంటింటికీ పాలు పోసే గుండయ్యకు సిగరెట్టు మానడం అలవాటు. ఏడాదికి రెండుసార్లయినా మానేవాడు. మానినప్పుడల్లా పదిమందిని పిలిచి, వారి ఎదుట మానేవాడు. ఆ తర్వాత నాలుగు రోజులకో, పది రోజులకో, సగం కాలిన సిగరెట్టు ముక్కను చెవి మీద పెట్టుకొని, తల వంచుకొని, పాలబిందెతో వీధిలోకి వచ్చేవాడు. ఆ ముక్క కనబడితే చాలు, గుండయ్య మళ్ళీ ఓడిపోయాడని వీధి మొత్తానికీ తెలిసిపోయేది.

ఈ ఓటములను లెక్కపెట్టినవాడు ఆ వీధిలో ఒక్కడే. ఆయన పేష్కార్ ప్రహ్లాద్‌రావు. మున్సిఫ్ గారి ఎదుట నిలబడి మిసిళ్ళను, అంటే దావా కాగితాలను, పైకి చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల వాంగ్మూలాలు చదివి చదివి, సాక్ష్యం లేనిదే ఏ మాటనూ నమ్మలేని స్థితికీ, సాక్ష్యం ఉన్నా పూర్తిగా నమ్మలేని అలసటకూ చేరుకున్న మనిషి. ఇంగ్లీషు బడిలో చదివినందువల్ల ఏ సంగతికైనా తారీఖు వేసి డైరీలో రాసుకొనే జబ్బు ఒకటి ఉండేది. ఆ డైరీ ప్రకారం, కచేరీలో వాడే ఫస్లీ లెక్కలో 1350వ ఏటికి, గుండయ్య సిగరెట్టు మానడం ఇరవైమూడుసార్లు జరిగింది. హాజరైనవారి పేర్లు ఒక వరుసలో, ఓడిపోయిన తేదీ ఇంకొక వరుసలో, పక్కన చిన్న అక్షరాలతో ఒక గమనిక: "ముక్క మీద పసుపు మరక. వేళ్ళది కావచ్చు."

ప్రతి మానడమూ జుమ్మెరాత్ నాడే, అంటే గురువారం సాయంత్రమే జరిగేది, శాలిబండ మలుపులోని చాయ్ హోటల్లో. శుక్రవారం కచేరీలకు సెలవు గనుక మొదటి రోజు చిరాకు ఇంట్లోవాళ్ళ మీదే పడుతుందని, పై అధికారుల మీద పడదని గుండయ్య సిద్ధాంతం. బదిలీ మీద పోయే తహసిల్‌దారుకు చేసే వీడ్కోలు సభలాగే ఉండేది అదంతా. బల్ల మధ్య సిగరెట్ల డబ్బా. డబ్బాకు బంతిపూల దండ. గుండయ్య లేచి నిలబడి, గొంతు సవరించుకొని ఉపన్యాసం మొదలుపెట్టేవాడు.

"ఈ సాబు మన దగ్గర మస్తు దినాలు నౌకరి జేసిండు. పొద్దుగాల లేపిండు. కోపమొస్తే సల్లగ జేసిండు. దగ్గు ఇచ్చిండు, దమ్ము గుంజుకున్నడు. ఇగ సాలు. ఈయనకు బదిలీ అయింది."

"ఏడికి?" అని అడిగేవాడు షేర్వానీలు కుట్టే బాబూమియా. ప్రతిసారీ అడిగేవాడు.

"మూసీలకు."

సభ నవ్వేది. గుండయ్య తలా ఒక ఆఖరి సిగరెట్టు పంచి, అగ్గిపుల్ల గీసి అందరివీ తానే ముట్టించి, చాయ్ పోయించి, ఎవరికి బిస్కట్లు రాలేదో చూసి, ఆ హడావుడిలో తన సిగరెట్టు సంగతి మరచిపోయేవాడు. ఇది ఎవరూ పట్టించుకోలేదు. ఆతిథ్యం ఇచ్చేవాడు ఆకలితో ఉండడం కొత్త కాదు గదా.

మళ్ళీ ముక్క చెవి మీదికి వచ్చిన నాడు బాబూమియా దుకాణంలోంచే అందుకునేవాడు.

"ఏంది గుండయ్య భాయ్, సాబు మూసీలకెల్లి ఈదుకుంట వాపస్ వచ్చిండా?"

"వచ్చిండు బాబూభాయ్. ఏం జెయ్యాలె."

"నన్ను జూసి నేర్చుకో. అయిదేండ్లయింది, ముట్టలే. హిమ్మత్ ఉండాలె."

"నీ హిమ్మత్ నాకేడికెల్లొస్తది," అని గుండయ్య పాలు పోసి ముందుకు సాగేవాడు. వీధిలో పిల్లలకు పెద్దలు పట్టుదల గురించి చెప్పవలసి వస్తే, పట్టుదల లేకపోతే ఎలా ఉంటుందో చూపడానికి గుండయ్యనే చూపించేవారు. ప్రహ్లాద్‌రావు కూడా ఒకటి రెండుసార్లు చూపించాడు.

అలాంటి ప్రహ్లాద్‌రావుకు కష్టం వచ్చింది. కష్టం గొంతులో వచ్చింది.

ఆయన గొంతు సామాన్యమైనది కాదు. ఆయన చదువుతుంటే తన దావా ఇంత బాగుందా అని వాది కూడా ఆశ్చర్యపోయేవాడు. ఆ గొంతును ఆయన రోజుకు ఇరవై సిగరెట్లతో పోషించాడు. ఆ ఏడు చలికాలంలో అది తిరగబడింది. ఇద్దరు అన్నదమ్ముల బావి దావాలో తీర్పు చదువుతూ, "ఈ బావి వాది ఒక్కడికే చెందుతుందని" అన్నంతవరకు వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. మంచినీళ్ళు తెచ్చారు. వీపు రాశారు. దగ్గు ఆగలేదు. వాది మున్సిఫ్ గారికి వంగి సలాం చేసి బయటికి పోయి పేడాలు కొన్నాడు. ప్రతివాది గోడకు ఆనుకొని కూలబడ్డాడు. పేడాలు సగం పంచడం అయ్యాక పేష్కార్‌కు ఊపిరి చిక్కి, మిగిలిన వాక్యం చదివాడు: "చెప్పడానికి ఎటువంటి ఆధారమూ లేదు."

పేడా తిన్న బంట్రోతులకు, కొన్న వాదికి మధ్య జరిగిన లొల్లి చాలాసేపు సాగింది.

మున్సిఫ్ గారు పేష్కార్‌ను గదిలోకి పిలిపించారు. "ప్రహ్లాద్‌రావ్, తీర్పులు చెప్పవలసింది నేను. మీ దగ్గు చెబుతోంది. తీర్ నెల ఆఖరుదాకా, అంటే ఎండలు ముదిరేదాకా, చూస్తాను. నాలుగు నెలల గడువు. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని ముహాఫిజ్‌ఖానాకు పంపక తప్పదు." ఈ మాటలు అంటూ ఆయన వెండి డబ్బీలోంచి ఒక సిగరెట్టు తీసి ముట్టించారు. న్యాయంగా చూస్తే, ముట్టించడం మాత్రం మాట పూర్తయ్యాకే చేశారు.

ముహాఫిజ్‌ఖానా పాత మిసిళ్ళను మూటలు కట్టి పడేసే గది. అక్కడ చదివి వినిపించడానికి ఏమీ లేదు, వినడానికి చెదపురుగులు తప్ప ఎవరూ లేరు. గొంతు తప్ప వేరే ఆస్తి లేని మనిషికి అది ఉద్యోగం కాదు, ఉద్వాసన.

ప్రహ్లాద్‌రావు ఎవరికీ చెప్పకుండా మానడానికి పూనుకున్నాడు. ఓటమికి సాక్షులు ఉండకూడదని ఆయన ఉద్దేశం. పట్టిక గీశాడు. ఇవాళ ఇరవై, రేపు పంతొమ్మిది, ఎల్లుండి పద్దెనిమిది, చివరికి సున్న. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కాని రేపటివి ఇవాళే వాడుకోవచ్చునన్న సౌకర్యం ఆ పట్టికలో ఎలాగో చేరింది. పదకొండో రోజున లెక్క చూసుకుంటే, ఆయన మరుసటి నెల సిగరెట్లు తాగుతున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే గడపలో పాలు పోస్తూ గుండయ్య చెవి రిక్కించాడు. లోపల పేష్కార్ దగ్గుతున్నాడు.

"అమ్మా, సార్ దగ్గు మారింది," అన్నాడు ప్రహ్లాద్‌రావు భార్య రుక్మాబాయితో. "ఇది తాగేటోని దగ్గు గాదు. మానబోయి మళ్ళ షురువు జేసినోని దగ్గు."

రుక్మాబాయి వెనక్కి తిరిగి భర్తను చూసింది. ఆ చూపుకు జవాబు ఏ చట్టంలోనూ లేదు.

"నాకు తోడు గావాలె సార్," అన్నాడు గుండయ్య గడప బయటినుంచే. "ఒక్కన్నే మానుడు నాతోని అయితలేదు. వచ్చే జుమ్మెరాత్ మీరు గూడ రాండ్రి."

"ఇరవైమూడుసార్లు ఓడిపోయినవాడితో కలిసి మానడం ఏ విధంగా తెలివైన పని, గుండయ్యా?"

"నాకు ఓడుడు మంచిగ ఎర్క సార్. మీకే కొత్త."

ప్రహ్లాద్‌రావు వెళ్ళాడు. దండ వేసిన డబ్బాకు ఎదురుగా గంభీరంగా కూర్చున్నాడు. ఉపన్యాసం అయ్యాక, ఎన్నడూ లేనిది, బాబూమియా కంటే ముందు తానే "ఎక్కడికి?" అని అడిగి, తరువాత చాలాసేపు సిగ్గుపడ్డాడు. నాలుగో రోజు కచేరీ మెట్ల మీద, చాయ్ తాగాక, చెయ్యి తనంతట తానే పోయి పక్క గుమాస్తా జేబును తాకింది. ఆ సాయంత్రం ఆయన వీధి చివరినుంచి ఇంటికి రాలేదు, సందులోంచి వచ్చాడు.

తెల్లవారి గుండయ్య చెవి మీద ముక్క ఉంది.

"ఓడిపోయిన సార్," అన్నాడు, పేష్కార్ నోరు తెరిచేలోపే. "నాతోని మీ పరువు గూడ పోయింది."

ప్రహ్లాద్‌రావుకు ఎందుకో ఊపిరి తేలికగా ఆడింది. తన నేరం చిన్నదనిపించింది. "నేనూ ఓడిపోయాను," అన్నాడు.

"అట్లనా. ఏడ?"

"కచేరీ మెట్ల మీద. చాయ్ అయ్యాక."

"అయితే చాయ్ బంద్. రేపటికెల్లి సల్ల తాగుండ్రి. సల్ల తాగి సిగరెట్ తాగినోన్ని నేనెక్కడ జూడలే."

ఆ మాట నిజమే. చల్ల తాగి ఎవరూ సిగరెట్టు ముట్టించరు. రెండోసారి మెట్లు గెలిచాడు, ఇంట్లో ఓడిపోయాడు: అలమరలో పంచెల అడుగున ఒక పాత డబ్బా దొరికింది. గుండయ్య చెవి మీద ముక్క మళ్ళీ వచ్చింది. ఆరోజే రుక్మాబాయి ఇల్లంతా గాలించి, అలమరలు దులిపి, ఇంటి గడప లోపల పొగ కనబడితే తాను పుట్టింటికి పోవలసి వస్తుందని సౌమ్యంగా తెలియజేసింది. మూడోసారి పన్నెండు రోజులు నిలిచాడు. పక్క గుమాస్తాకు కొడుకు పుట్టాడు, సంతోషంతో ఒకటి చేతిలో పెట్టాడు. గుండయ్య ముక్క మళ్ళీ చెవి మీదికి వచ్చింది. "కొడుకు పుట్టినోనికి ముందే జెప్పి పెట్టుకోవాలె సార్, నాకు లడ్డు ఇయ్యి, ఇది ఇయ్యకని," అని సలహా చెప్పాడు.

"నాలుగు నెలల్ల గిన్ని దండలా," అన్నాడు బాబూమియా. "బంతిపూలమ్మేటామె ఇల్లు కడ్తున్నదంట."

నాలుగోసారి పదహారు రోజులు. ఇంకా పన్నెండు రోజుల గడువు ఉండగా, ఏ దయ్యం పట్టిందో, ప్రహ్లాద్‌రావు ముహాఫిజ్‌ఖానాను ఒకసారి చూసి వద్దామని వెళ్ళాడు. ఆ చీకటి, ఆ మూటలు, ఆ వాసన చూశాడు. బయటికి వచ్చి వరుసగా మూడు కాల్చాడు. ఇంటికి పోయి, తనను ముహాఫిజ్‌ఖానాకు బదిలీ చేయవలసిందిగా తానే అర్జీ రాశాడు. రాత మాత్రం ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. ఓడిపోయి ఓడిపోయి అలసిపోయాడు ఆయన.

తెల్లవారింది. అర్జీ జేబులో పెట్టుకొని, ఒక సిగరెట్టు కాల్చుకొని, గడపలో నిలబడ్డాడు. చెవి మీది ముక్క కోసం ఎదురుచూస్తున్నానని ఆయనకే అప్పుడు తెలిసింది. గుండయ్య రాలేదు. పన్నెండేళ్ళలో పాలు రాకపోవడం అదే మొదలు. చెంబు పట్టుకొని ఆయనే బయలుదేరాడు.

గుండయ్య బర్రెల కొట్టం చాంద్రాయణగుట్టకు పోయే బాట పక్కన ఉండేది. కొట్టంలో గుండయ్య భార్య కొమురమ్మ దొరసాని పక్కన కూర్చొని ఉంది. దొరసాని బర్రె పేరు.

"ఆయనకు జరమొచ్చింది సార్," అన్నది. "ఇది నా చేతికి అంత తొందరగ పాలియ్యది. జర దీని తాడు పట్టుండ్రి."

ప్రహ్లాద్‌రావు తాడు పట్టుకున్నాడు. దొరసాని మెడ తిప్పి ఆయన చేతిని వాసన చూసింది. తర్వాత జరిగినది ఏ క్రమంలో జరిగిందో ఆయన ఎన్నడూ రూఢిగా చెప్పలేకపోయాడు. బిందె ఒక దిక్కు, చెంబు ఒక దిక్కు పోయాయి. ఆయన గడ్డివాములో కూర్చొని ఉన్నాడు. తలపాగా కుడితి తొట్టిలో తేలుతోంది.

కొమురమ్మ కంగారుపడలేదు. "సిగరెట్ తాగొచ్చిండ్రా సార్?" అని అడిగింది.

"ఒకటి," అన్నాడు ఆయన. గడ్డివాములో కూడా అబద్ధం చెప్పలేని మనిషి.

"దీనికి ఆ వాసన పడది. దీని తల్లికి గూడ పడకపోయేది. పన్నెండేండ్ల కింద మా ఆయనను గీడనే తన్నింది. మూడు దినాలు సోలెడు పాలియ్యలే. ఆ వారమే ఇడిసిపెట్టిండు."

ప్రహ్లాద్‌రావు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాడు?"

"ఏడ మొదలుపెట్టిండు సార్. పెడితే ఇవి పాలిస్తయా? దినాం రెండు పూటలు పిండాలె గదా."

"ఒక్కటి కూడా తాగలేదా?"

"ఒక్కటి గూడ."

"మరి చెవి మీద ముక్క?"

"అదా," అని కొమురమ్మ తలపాగాను తొట్టిలోంచి తీసి పిండింది. "ఆ తన్నిన దినం సగం తాగి పడేసిన ముక్క అది. పసుపుడబ్బల దాసి పెట్టుకున్నడు. ఏ ఇంటాయన మళ్ళ షురువు జేసిండని ఆడోళ్ళు జెప్తే, ఆ దినం తీసి పెట్టుకపోతడు. నిన్న మాపటికి రుక్మాబాయమ్మ కబురంపింది, గందుకే జరంల గూడ డబ్బ దేవులాడుతున్నడు. ఎందుకయ్యా నీకీ నగుబాటు అంటే, ఏం జెప్పడు. నగుతడు."

ప్రహ్లాద్‌రావు గడ్డిలోనే కూర్చొని వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. డైరీలో వరుసలు కళ్ళముందుకు వచ్చాయి. ఏడో సభలో గుండయ్యకు తోడుగా మానినవాడు బాబూమియా, ఎనిమిదో సభకు బాబూమియా, తొమ్మిదో సభకు బాబూమియా. ఆ తర్వాత అతని పేరు పక్కన "ప్రేక్షకుడు" అని ఉంది. ఆ తర్వాత మైసయ్య, మూడుసార్లు. ముష్తాక్, అయిదుసార్లు. ఒకడు మానేదాకా వాడితోపాటే మాని, వాడు పడినప్పుడల్లా పక్కనే పడి, వాడు నిలబడ్డాక ఇంకొకడి దగ్గరికి పోయాడు గుండయ్య. అందరూ తమ హిమ్మత్ వల్లే మానామనుకున్నారు. ఇదంతా పేష్కార్ తన చేత్తోనే, తారీఖులు వేసి మరీ రాశాడు. నిలువు వరుసలు చూశాడు గాని అడ్డంగా చదవలేదు. పసుపు మరకను కూడా నమోదు చేసి, వేళ్ళ మీదికి నెట్టాడు.

ఆయన లోపలికి వెళ్ళేసరికి గుండయ్య గొంగడి కప్పుకొని మంచం మీద ఉన్నాడు. ముక్క చెవి మీదనే ఉంది. తొందరలో పెట్టుకున్నట్టుంది, చెవికీ చెంపకూ పసుపు అంటి పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"ఓడిపోయిన సార్," అన్నాడు మూలుగుతూ. "జరంల గూడ ఆపుకోలేకపోయిన."

ఇరవై రెండేళ్ళలో ప్రహ్లాద్‌రావు ఎదుట ఇంత పచ్చి అబద్ధం ఎవరూ ఆడలేదు. ఇంత పచ్చగా కూడా ఎవరూ ఆడలేదు. ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నేనూ ఓడిపోయాను, గుండయ్యా."

"అట్లనా. ఏడ?"

"ముహాఫిజ్‌ఖానా ముందర. ఆ గదిని చూసి వద్దామని పోయాను."

"అయితే ఆ గదిని జూసుడు బంద్," అన్నాడు గుండయ్య. "వచ్చే జుమ్మెరాత్?"

"జుమ్మెరాతే."

బయటికి వస్తూ ఆయన జేబులోని అర్జీని తీసి, పొయ్యి రాజేస్తున్న కొమురమ్మకు ఇచ్చాడు. మంచి కాగితం, బాగా అంటుకుంది.

ఇరవై ఎనిమిదో వీడ్కోలు సభ అయింది. దాని తర్వాతి రోజులు ఎలా గడిచాయో రుక్మాబాయి మాత్రమే చెప్పగలదు, ఆమె చెప్పదు. తీర్ నెల ఆఖరి దినాన ఒక పొలం గట్టు దావాలో ప్రహ్లాద్‌రావు తొంభై పుటలు చదివాడు. దగ్గు రాలేదనడం నిజం కాదు. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వాక్యం పూర్తయ్యాకనే వచ్చింది. మున్సిఫ్ గారు తల ఊపి, తరువాతి మిసిల్ అడిగారు. ముహాఫిజ్‌ఖానా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దేనివల్ల మానగలిగాడని ఆయన తరువాత చాలాసార్లు విచారించుకున్నాడు. చల్లవల్లనా, రుక్మాబాయి సౌమ్యమైన హెచ్చరికవల్లనా, దొరసాని కాలివల్లనా, అయిదుసార్లు ప్రయత్నించినందువల్లనా, లేక ఓడిన ప్రతి ఉదయమూ గడపలో తనకంటే ముందే ఓడిపోయి నిలబడ్డ మనిషివల్లనా. సాక్ష్యం అన్నిటికీ ఉంది. తీర్పు రాయలేక ఆ పుట ఖాళీగా వదిలాడు. గుండయ్యకు మాత్రం తనకు తెలిసినట్టు తెలియనివ్వలేదు.

మరుసటి ఏడు చలికాలంలో డాక్టరు మాట మీద మున్సిఫ్ గారు సిగరెట్టు మానారు. వెండి డబ్బీ ఉన్నచోట యాలకుల డబ్బీ వచ్చింది. తొమ్మిదో రోజు ఆయన ఆలస్యంగా వచ్చారు. షేర్వానీ నిండా అత్తరు, అత్తరు కింద ఇంకొక వాసన. ఎవరి కళ్ళలోకీ చూడకుండా దావాలన్నీ వాయిదా వేసి, గది తలుపు వేయించుకున్నారు.

ఆ సాయంత్రం ప్రహ్లాద్‌రావు కొట్టానికి వెళ్ళాడు.

"గుండయ్యా, ఒక్కరోజుకు ఆ ముక్క కావాలి."

"ఏ ముక్క సార్?"

"పసుపుడబ్బాలోది."

గుండయ్య పాలు పిండడం ఆపాడు. దొరసాని మెడ తిప్పి పేష్కార్ చేతిని వాసన చూసి, అభ్యంతరం ఏమీ కనబడక మళ్ళీ గడ్డి నమలసాగింది. గుండయ్య లోపలికి పోయి, కాగితంలో చుట్టి తెచ్చాడు.

"పైలం సార్. పాతది, ఇరుగుతది," అన్నాడు. కాస్త ఆగి, "చెవికి జర యెనుకకు పెట్టుండ్రి. మరీ ముంగటికి పెడితే ఎవ్వరు నమ్మరు," అన్నాడు.

మర్నాడు పొద్దున పేష్కార్ ప్రహ్లాద్‌రావు చంకలో మిసిల్, చెవికి కాస్త వెనకగా సగం కాలిన సిగరెట్టు ముక్కతో మున్సిఫ్ గారి గదిలోకి ప్రవేశించి, తల వంచుకొని నిలబడ్డాడు.

"హుజూర్, నేను మళ్ళీ ఓడిపోయాను. వచ్చే జుమ్మెరాత్ తమరికి తీరిక ఉంటుందా?"

మున్సిఫ్ గారు తలెత్తారు. ఆయన ముఖంలో బిగువు కొద్దికొద్దిగా సడలింది. కుర్చీ చూపించారు. అటుపైన, ఎంతైనా న్యాయాధికారి గనుక, ముక్క వంక పరీక్షగా చూసి అడిగారు.

"దానికి పసుపు ఎలా అంటింది?"

ఎన్నో నెలల తర్వాత ప్రహ్లాద్‌రావుకు మళ్ళీ దగ్గు వచ్చింది. జవాబు చెప్పవలసిన అవసరం తీరిపోయేదాకా వచ్చింది.